టాంకీలో నీళ్ళు, బకెట్లో నీళ్ళు

సోహార్ క్యాంపులో ఆరు గదులకూ ఒకటే టాంకీ.
మిద్దె మీద, నల్లటిది,
మధ్యాహ్నానికి చేయి పెడితే కాలుతుంది.
గదికో బకెట్టు.
టాంకీలో ఉన్నవాటినీ నీళ్ళే అంటాం,
బకెట్లో ఉన్నవాటినీ నీళ్ళే అంటాం.
ఇంత చిన్న సంగతి తలకెక్కడానికి
నాకు పదకొండు రాత్రులు పట్టింది.

స్టోర్ కీపర్ని. బోల్టులూ గ్లౌజులూ లెక్కపెడతాను.
రాత్రి పది దాటాక
అద్దం పగిలిన ఫోన్లో కోడు నేర్చుకుంటాను,
పై మంచం మీద గంగమల్లు గురక,
వెలుతురు బయటికి పోకుండా నా మీద దుప్పటి.

మొదటి వరుసలో రాశాను:
నీళ్ళు = 2000
దాని కింద ఒక ఫంక్షన్, పేరు ట్యాంకర్.
దాని లోపల:
నీళ్ళు = 5000
నడిపాను. లోపల అడిగితే ఐదు వేలు.
బయటికొచ్చి అడిగితే మళ్ళీ రెండు వేలే.
ట్యాంకర్ వచ్చింది, హారన్ కొట్టింది, పైపు వేసింది, పోయింది,
టాంకీ మాత్రం తడవలేదు.

"పండవారా?" అన్నాడు గంగమల్లు పైనుంచి.
చెప్పాను.
ఏసీ మెకానిక్కు, ఏడో తరగతి, కాసేపు ఆలోచించాడు.
"గదిల కూసొని బకెట్ల నీళ్ళు వోస్తివి.
మిద్దెక్కి సూస్తే టాంకీ ఎట్ల నిండుతదిరా?"
అటు తిరిగి పడుకున్నాడు.

అదే. అంతే.
చూడ్డానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.
లోపల ఆ పేరు గలది ఏదీ లేకపోతే
పిలుపు గడప దాటి బయటి దాన్ని వెతుక్కుంటుంది.
కొత్త విలువ రాస్తేనే చిక్కు:
అదే పేరుతో లోపల ఇంకోటి పుడుతుంది,
పని అయిపోగానే చప్పుడు లేకుండా పోతుంది.
బయటి దాన్నే మార్చాలంటే ముందు ఒక మాట చెప్పాలి:
గ్లోబల్ నీళ్ళు.
నేనంటున్నది బకెట్టు కాదు, మిద్దె మీదిది, అని.

మా జీతమూ మాకు కనిపిస్తుంది,
నెలనెలా, ఫోన్లో, మూడు అంకెలు.
ఆ ఒక్క మాట మాత్రం
మస్కట్లో ఎవరి టేబుల్ మీదో ఉంది.

ఇక ఆ మాట దొరికిందే చాలు, నన్ను పట్టలేకపోయారు.
రాసిన ప్రతి ఫంక్షన్ నెత్తినా గ్లోబల్ పెట్టాను.
క్యాంప్ బాస్ షిజో మెచ్చుకుని
బస్సు టైము మెసేజీలు నాకే అప్పగించాడు.
బస్సు = 5
నాలుగో గదివాళ్ళకు కాంక్రీటు డ్యూటీ, వాళ్ళు మూడింటికే పోవాలి,
వాళ్ళ ఫంక్షన్లో రాశాను,
గ్లోబల్ బస్సు, కింద
బస్సు = 3

గురువారం మూడు కాకముందే
నలభై ఎనిమిది మంది రోడ్డు మీద.
ఆగస్టు ఉక్క, ఒంటికి అంటుకున్న చొక్కాలు,
చేతుల్లో టిఫిన్ డబ్బాలు.
వచ్చింది ఒక్క చిన్న వ్యాను, సీట్లు ఎనిమిది.
కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
తర్వాత యాకయ్య అడిగాడు, "ఎవడ్రా వాడు?"
ట్యూబులైటు చుట్టూ పురుగులు తిరుగుతుంటే
నేను వాటినే చూశాను.

గంగమల్లు ఎవరికీ చెప్పలేదు.
మధ్యాహ్నం చాయ్ గ్లాసు చేతిలో పెట్టి అన్నాడు:
"టాంకీల చెయ్యి వెట్టినవ్.
నీ బకెట్టు నీకు లేదా?"

ఆ రాత్రి గ్లోబల్‌లన్నీ కొట్టేశాను.
ఏ గది బస్సు ఆ గదికే.
బయటికి చెప్పాల్సింది ఉంటే చివర్న
రిటర్న్ అని రాసి చేతికివ్వాలట.
ఆ మాట దగ్గర వేలు కాస్త ఆగింది.
మూడేళ్ళ ఏడు నెలలు.
తర్వాత టైపు చేశాను.

నీళ్ళ దగ్గర మాత్రం గ్లోబల్ ఉంచేశాను,
తాగేది అందరం అదే కాబట్టి.

ఒంటిగంటకు ట్యాంకర్ హారన్.
మిద్దె మీద ధార పడుతున్న చప్పుడు.
గంగమల్లు నిద్రలోనే, "నిండిందా?" అన్నాడు.
ఏది, అన్నాను.